మహమ్మారుల కాలంలో బడి: మూసివేతల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విద్యపై మహమ్మారుల ప్రభావాన్ని బడులు మూతపడిన రోజుల లెక్కతో కొలవడం అలవాటైంది. 14వ శతాబ్దపు ప్లేగు నుంచి కోవిడ్-19 వరకు కొన్ని సందర్భాలను పరిశీలిస్తే ఆ కొలమానం చాలదని తెలుస్తుంది. మూతపడే నాటికి బడి పాఠంతో పాటు విద్యార్థికి ఇంకేమి సమకూరుస్తోంది, ఆ సమయానికి విద్యార్థి ఏ వయసులో ఉన్నాడు అన్న రెండు అంశాలే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మహమ్మారి, పాఠశాల, మూసివేత, బోధనభాష, పాఠశాల ఆరోగ్యం, రేడియో పాఠాలు, కౌమార విద్యార్థులు.

1. ఉపోద్ఘాతం

2020 మార్చి మధ్యలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు మూతపడ్డాయి. కొద్ది వారాల్లోనే 190కి పైగా దేశాల్లో సుమారు 160 కోట్ల మంది విద్యార్థులు తరగతి గదికి దూరమయ్యారని యునెస్కో లెక్కగట్టింది. 'కనీవినీ ఎరుగని' పరిస్థితి అన్న మాట ఆ రోజుల్లో తరచు వినిపించింది. విస్తృతి దృష్ట్యా ఆ మాట నిజమే. అయితే బడి మూయాలా వద్దా అన్న వాదం, ఇంటి దగ్గరే పాఠం వినిపించే ప్రయత్నం, వెళ్లిన పిల్లలు తిరిగి వస్తారో రారో అన్న బెంగ కొత్తవి కావు. వీటిలో ప్రతి ఒక్కదానికీ పూర్వచరిత్ర ఉంది.

ఆ చరిత్రను ఇప్పుడు చదవడానికి ఒక తక్షణ కారణం ఉంది. 2020 మార్చిలో ఎనిమిదో తరగతిలో ఉన్న విద్యార్థి చదువు ఎక్కడా ఆగకపోతే 2024లో డిగ్రీలో చేరాడు. కళాశాల అధ్యాపకులకు మహమ్మారి కాలపు విద్య ఇప్పుడు గతించిన విషయం కాదు. అది తరగతిలో ఎదుటి బల్ల మీద కూర్చుని ఉంది.

పరిభాష గురించి ఒక మాట. ఖండాలు దాటి వ్యాపించిన అంటువ్యాధినే మహమ్మారి అనాలన్న నిర్వచనం ప్రకారం 1916 నాటి అమెరికా పోలియో గాని, 2014 నాటి పశ్చిమాఫ్రికా ఎబోలా గాని ఆ కోవలోకి రావు. అయినా బడికీ వ్యాధికీ గల సంబంధాన్ని అవి స్పష్టంగా చూపుతాయి కనుక వాటిని కూడా ఇక్కడ పరిగణించాను.

2. గురువులు పోయినప్పుడు: 14వ శతాబ్దపు ప్లేగు

1348లో ఇంగ్లండుకు చేరిన ప్లేగు పారిష్ గురువుల్లో నలభై శాతానికి పైగా ప్రాణాలు తీసిందని బిషప్పుల రిజిస్టర్ల ఆధారంగా చరిత్రకారులు అంచనా వేశారు. ఆనాటి ఇంగ్లండులో చదువు చెప్పే పని చాలావరకు మతాధికారులదే. కాబట్టి దీన్ని ఒక మతవ్యవస్థ నష్టంగా మాత్రమే చూడలేము. ఒక తరం ఉపాధ్యాయులు కనుమరుగైన సందర్భం ఇది. కేంబ్రిడ్జిలో 1350లో ట్రినిటీ హాల్, 1352లో కార్పస్ క్రిస్టీ కళాశాల ఏర్పడటం వెనుక ఈ కొరత ఒక ప్రేరణ. విలియం ఆఫ్ వైకెహామ్ 1379లో ఆక్స్‌ఫర్డులో న్యూ కాలేజ్‌ను, 1382లో వించెస్టర్ పాఠశాలను స్థాపించినప్పుడు కూడా ప్లేగుల వల్ల, యుద్ధాల వల్ల మతాధికారుల సంఖ్య తరిగిపోవడమే ప్రధాన కారణాల్లో ఒకటి. 1348లో వెలిసిన ప్రేగ్ విశ్వవిద్యాలయాన్ని కొందరు ఇదే జాబితాలో చేరుస్తారు. దానికి పోపు అనుమతి 1347లోనే లభించింది గనుక తేదీల సామీప్యాన్ని కారణంగా భ్రమించకూడదు.

భవనాల కన్నా ఆసక్తికరమైన మార్పు బోధనభాషలో వచ్చింది. నార్మన్ల పాలన తరువాత ఇంగ్లండులోని వ్యాకరణ పాఠశాలల్లో పిల్లలు లాటిన్ వాక్యానికి అన్వయం, అర్థం ఫ్రెంచిలో చెప్పేవారు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు, బడిలో అర్థం చెప్పేది ఫ్రెంచి, నేర్చుకునేది లాటిన్. మొదటి ప్లేగు తరువాత ఈ పద్ధతి మారిందనీ, జాన్ కార్న్‌వాల్ అనే వ్యాకరణ పండితుడు ఫ్రెంచికి బదులు ఇంగ్లీషులో అర్థం చెప్పించడం మొదలుపెట్టాడనీ, అతని నుంచి రిచర్డ్ పెన్‌క్రిచ్, ఆయన నుంచి ఇతరులు దాన్ని అందుకున్నారనీ, 1385 నాటికి ఇంగ్లండులోని వ్యాకరణ పాఠశాలలన్నింటా అదే పద్ధతి నెలకొందనీ జాన్ ట్రెవిసా నమోదు చేశాడు. హిగ్డెన్ లాటిన్ చరిత్రగ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదిస్తూ ట్రెవిసా తనవైపు నుంచి చేర్చిన వ్యాఖ్య ఇది. లాభనష్టాలు రెండింటినీ ఆయన చెప్పాడు: పిల్లలు వ్యాకరణాన్ని మునుపటి కన్నా త్వరగా నేర్చుకుంటున్నారు, కాని విదేశాలకు వెళితే పనికివచ్చే ఫ్రెంచి వారికి రావడం లేదు. మాధ్యమం గురించి తెలుగునాట జరిగే చర్చలు విన్నవారికి ఈ రెండు వాదాలూ చిరపరిచితమే.

ప్లేగు ఒక్కటే ఈ మార్పు తెచ్చిందనలేము. అంతకు ముందు నుంచే ఇంగ్లండులో ఫ్రెంచి వాడుక సన్నగిల్లుతోంది. ఫ్రెంచి ధారాళంగా వచ్చిన పాత తరం గురువులు ఒక్కసారిగా తగ్గిపోవడంతో, నెమ్మదిగా జరగవలసిన మార్పు వేగం పుంజుకుందనడం సమంజసం.

భారతదేశంలో ప్లేగు 1896లో బొంబాయిలో బయటపడి పూనాకు పాకింది. 1848లో పూనాలో బాలికల పాఠశాల నెలకొల్పిన జోతిరావు, సావిత్రీబాయి ఫులే దంపతుల్లో సావిత్రీబాయి, ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే వ్యాధి సోకి 1897 మార్చి 10న మరణించింది. ఆ సంవత్సరమే వలస ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వాలు తమ ఆంక్షలకు ఆధారం చేసుకున్నది ఆ 1897 చట్టాన్నే.

3. వైద్యుడు బడికి వచ్చిన తీరు

19వ శతాబ్దంలో నిర్బంధ విద్య వ్యాపించిన కొద్దీ వేల మంది పిల్లలు ఒకే కప్పు కింద చేరారు. అంటువ్యాధులకు బడి కూడలి అయింది. దానికి మొదటి జవాబు పిల్లవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపడం. బడిలో చేరాలంటే మశూచి టీకా వేయించుకుని ఉండాలని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1855లో చట్టం చేసింది. 1894లో డిఫ్తీరియా (కంఠసర్పి) చెలరేగినప్పుడు బోస్టన్ నగరం వైద్యులను నియమించి బడుల్లో పిల్లలను పరీక్షింపజేసింది. న్యూయార్కు కూడా కొద్ది కాలానికి అదే పని చేసింది.

అయితే పరీక్ష ఫలితం ఏమిటి? కళ్లకలక, గజ్జి, పేలు వంటివి ఉన్న పిల్లలను వైద్యులు వేలకొద్దీ ఇంటికి పంపేశారు. ఇంటి దగ్గర వారికి చికిత్స చేసే నాథుడు లేడు. కనుక వారాల తరబడి బడికి రాలేదు. 1902లో హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ సంస్థకు చెందిన లీనా రోజర్స్ అనే నర్సును న్యూయార్కు బడుల్లో ప్రయోగాత్మకంగా నియమించారు. ఆమె బడిలోనే మందు రాసి, ఇళ్లకు వెళ్లి తల్లులకు జాగ్రత్తలు చెప్పింది. ఏడాది తిరిగేసరికి, మరికొందరు నర్సుల తోడుతో, ఇంటికి పంపేసిన పిల్లల సంఖ్య సుమారు పదో వంతుకు పడిపోయింది. వైద్యుడి పరీక్ష పిల్లవాణ్ణి బడి నుంచి వెలివేసింది, నర్సు చికిత్స తిరిగి తీసుకొచ్చింది. ఆరోగ్యరక్షణ పేరిట చేసే ఏ ఏర్పాటును అంచనా వేయడానికైనా ఈ తేడా పనికివస్తుంది.

క్షయవ్యాధి మరో దారి తెరిచింది. 1904లో బెర్లిన్ సమీపాన చార్లొటెన్‌బర్గ్‌లో బలహీనులైన పిల్లల కోసం చెట్ల నడుమ ఆరుబయలు పాఠశాల తెరిచారు. అమెరికాలో 1908లో ప్రావిడెన్స్ నగరం ఆ బాట పట్టింది. ఎత్తయిన కిటికీలు, గాలి వెలుతురు అన్న ఆలోచన పాఠశాల వాస్తుశాస్త్రంలో స్థిరపడటానికి ఈ ఉద్యమం తోడ్పడింది. శాంతినికేతన్ చెట్ల కింది తరగతులను దీనితో ముడిపెట్టాలని అనిపించవచ్చు గాని, 1901లో మొదలైన ఆ ప్రయోగానికి మూలం ఆశ్రమవిద్య భావన, వ్యాధిభయం కాదు.

4. 1918: మూయని బడులు

1918 శరదృతువులో ఇన్‌ఫ్లూయెంజా రెండో దశ అమెరికాను ముంచెత్తినప్పుడు చాలా నగరాలు బడులు మూసేశాయి. న్యూయార్కు, షికాగో, న్యూహేవెన్ మూయలేదు. న్యూయార్కు ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్, శిశు ఆరోగ్య విభాగాధిపతి జోసెఫిన్ బేకర్ చూపిన కారణాలు పరిశీలించదగినవి. నగరంలోని సుమారు 10 లక్షల మంది బడిపిల్లల్లో దాదాపు ఏడున్నర లక్షల మంది ఇరుకైన అద్దెవాడల్లో ఉన్నారు. ఆ ఇళ్లలో గాలి ఆడదు. తల్లిదండ్రులు పనికి పోతే చూసేవారుండరు. బడి భవనం విశాలంగా, శుభ్రంగా ఉంది. రోజూ ఉపాధ్యాయుడు గమనిస్తాడు. అనుమానం కలిగితే వైద్యుడు, నర్సు ఉన్నారు. అందువల్ల పిల్లవాడికి ఇల్లు కన్నా బడే క్షేమమని వారు నిర్ణయించారు.

ఆ నిర్ణయం సరైనదేనా? మరణాల రేటులో న్యూయార్కు ఆ సంవత్సరం బోస్టన్, ఫిలడెల్ఫియాల కన్నా మెరుగ్గా నిలిచింది. అయితే ఆ నగరం దుకాణాల, కార్యాలయాల వేళలను మార్చడం వంటి ఇతర చర్యలు కూడా తీసుకుంది గనుక ఘనతను బడులకు ఆపాదించలేము. పైగా కోప్‌లాండ్ వాదాన్ని ఎక్కడైనా వర్తించే సూత్రంగా తీసుకోవడం పొరపాటు. పదహారేళ్ల పాటు నర్సులను, వైద్యులను, పరీక్షల పద్ధతిని నిర్మించుకున్న నగరం చెప్పగలిగిన మాట అది. ఆ ఏర్పాటు లేనిచోట తెరిచి ఉంచిన బడి కేవలం ఒక జనసమ్మర్దం. 2020లో 'బడులు తెరవాలా, మూయాలా' అన్న చర్చ మన దగ్గర వైరస్ లక్షణాల చుట్టూ తిరిగింది. బడిలో నీటి కుళాయి, గాలి ఆడే గది, వైద్యసిబ్బంది ఉన్నాయా అన్న ప్రశ్న వెనుకబడింది.

5. ఏ వయసు పిల్లలు నష్టపోయారు?

1918 మూసివేతల దీర్ఘకాలిక ఫలితాలను గణించిన ఏగర్, ఎరిక్సన్, కార్గర్, నెంకా, థామసన్ల 2020 నాటి అధ్యయనం, ఆ పిల్లల తదనంతర చదువులోగాని ఆదాయంలోగాని గుర్తించదగిన తేడా కనిపించలేదని తేల్చింది. మూసివేత చాలాచోట్ల కొన్ని వారాలకే పరిమితమైంది. దీని ఆధారంగా మూసివేతలు హానికరం కావని చెప్పేముందు మరో అధ్యయనం చూడాలి. 1916లో అమెరికాలో 27,000కు పైగా పోలియో కేసులు, సుమారు 6,000 మరణాలు నమోదయ్యాయి. వ్యాధి తీవ్రంగా ఉన్నచోట్ల పిల్లలపై కఠినమైన ఆంక్షలు పెట్టారు, బడుల ప్రారంభాన్ని వాయిదా వేశారు. మేయర్స్, థామసన్లు ఆనాటి పిల్లలను వయసులవారీగా విడదీసి చూడగా, అప్పటికి 14 నుంచి 17 ఏళ్ల వారి చదువు తక్కువ స్థాయిలో ఆగిపోయినట్లు కనిపించింది. కారణం ఊహించలేనిది కాదు. పద్నాలుగేళ్లు నిండితే చట్టబద్ధంగా పనిలో చేరే వీలు అప్పట్లో ఉండేది. తొమ్మిదేళ్ల పిల్లవాడు బడి తెరవగానే తిరిగి వచ్చాడు. పదిహేనేళ్ల వాడికి అప్పటికే కూలి దొరికింది.

మూసివేతతో ఏ సంబంధమూ లేని నష్టం కూడా ఉంది. 1918–19లో తల్లి గర్భంలో ఉండగా ఇన్‌ఫ్లూయెంజా బారినపడినవారు ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసే అవకాశం 15 శాతం వరకు తగ్గిందని డగ్లస్ ఆల్మండ్ 2006లో ప్రతిపాదించాడు. ఆ తరం తండ్రుల్లో ఆరోగ్యవంతులు, చదువుకున్నవారు యుద్ధానికి వెళ్లి ఉండటం వల్ల ఈ లెక్క పెరిగి కనిపిస్తోందని తరువాతి పరిశోధకులు ఆక్షేపించారు. వివాదం ఎలా ముగిసినా, మహమ్మారి వల్ల చదువు దెబ్బతిన్నవారిని బడి రిజిస్టరులోనే వెతకడం చాలదన్న హెచ్చరిక అందులో ఉంది.

కౌమారదశలోని ఆడపిల్లల విషయంలో సియెర్రా లియోన్ అనుభవం మరింత కటువైనది. ఎబోలా వల్ల అక్కడి బడులు 2014 మధ్య నుంచి మూతపడి 2015 ఏప్రిల్ 14న గాని తెరుచుకోలేదు. రేడియోలో పాఠాలు వినిపించారు. ఆ నెలల్లో కౌమార బాలికల్లో గర్భధారణలు పెరిగాయి. బడులు తెరిచేటప్పుడు గర్భవతులైన బాలికలను తరగతికి రానివ్వరాదని ప్రభుత్వం ఆదేశించింది. అంటే వ్యాధి తాత్కాలికంగా మూసిన తలుపును ప్రభుత్వాజ్ఞ కొందరికి శాశ్వతంగా మూసింది. పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమి న్యాయస్థానం 2019 డిసెంబరులో ఆ నిషేధాన్ని తప్పుపట్టగా, 2020 మార్చిలో దాన్ని ఎత్తివేశారు. అదే నెలాఖరుకు కోవిడ్ కారణంగా బడులన్నీ మళ్లీ మూతపడ్డాయి.

అదే దేశంలో బాలికల కోసం బ్రాక్ సంస్థ నడిపిన క్లబ్బులపై బాండియేరా బృందం చేసిన అధ్యయనం ఈ చర్చలో కీలకమైనది. ఎబోలా తాకిడి తీవ్రంగా ఉండి క్లబ్బులు లేని గ్రామాల్లో బాలికల బడి నమోదు 16 శాతం పాయింట్లు పడిపోయింది. క్లబ్బులున్న గ్రామాల్లో ఆ పతనం సగానికి తగ్గింది. బాలికలు నలుగురూ కలిసి గడపడానికి ఒక సురక్షితమైన చోటు, కొంత వృత్తినైపుణ్యం, ఆరోగ్య విషయాల అవగాహన – ఆ క్లబ్బులు ఇచ్చినవి ఇవే. బడి పాఠానికి అవి ప్రత్యామ్నాయం కావు. అయినా ఆడపిల్ల తిరిగి బడికి రావడాన్ని నిర్ణయించినది పాఠం కన్నా ఆ చోటే కావడం గమనార్హం.

6. దూరం నుంచి పాఠం

బడి మూతపడినా చదువు ఆగనవసరం లేదన్న వాదానికి 2020లో న్యూటన్ పేరు విరివిగా వాడారు. 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూతపడగా న్యూటన్ స్వగ్రామం ఊల్స్‌థార్ప్‌లో ఉండి గణితంలో, కాంతిశాస్త్రంలో మౌలిక కృషి చేసిన మాట వాస్తవం. కాని అప్పటికే ఆయన పట్టభద్రుడు. గ్రంథాలు చదివి తనంత తాను సాగగల దశకు చేరినవాడు. అక్షరాలు దిద్దవలసిన పిల్లవాడికి ఆ ఉదాహరణ వర్తించదు.

సరిపోలే ఉదాహరణ షికాగోది. 1937 సెప్టెంబరులో పోలియో భయంతో అక్కడ బడులు తెరవడం సుమారు మూడు వారాలు ఆలస్యమైంది. మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు గల సుమారు 3 లక్షల 15 వేల మంది పిల్లలకు ఆరు రేడియో కేంద్రాల ద్వారా పావుగంట చొప్పున పాఠాలు ప్రసారం చేశారు. ఏ రోజు ఏ పాఠమో, ఇంటి పని ఏమిటో పత్రికలు ముందుగా ప్రకటించాయి. సందేహాలు తీర్చడానికి టెలిఫోను దగ్గర ఉపాధ్యాయులను కూర్చోబెట్టారు. ఆ కాలానికి ఇది అబ్బురమే. లోపాలూ వెంటనే బయటపడ్డాయి: కొన్ని ఇళ్లలో రేడియో లేదు, కొన్నిచోట్ల ప్రసారం సరిగా అందలేదు, పాఠం వేగాన్ని అందుకోలేని పిల్లవాడు ఆపి అడగడానికి వీల్లేదు.

ఇదే పట్టికను 83 ఏళ్ల తరువాత తెలంగాణలో టి-శాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలకూ, ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి పాఠాలకూ దాదాపు మార్పు లేకుండా రాసుకోవచ్చు. పరికరం ఉండటమూ పాఠం అందడమూ వేర్వేరు సంగతులని 'అసర్' సర్వే స్పష్టం చేసింది. బడిలో నమోదైన గ్రామీణ విద్యార్థుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం; 2020లో 61.8 శాతం. అయినా 2020 సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదైనా అభ్యాససామగ్రి అందిన పిల్లలు మూడోవంతుకు అటూ ఇటూ మాత్రమే.

7. కోవిడ్ అనంతర గణాంకాలను చదివే విధానం

భారతదేశంలో భయపడినంతగా పిల్లలు బడి మానలేదు. అసర్ ప్రకారం 6–14 ఏళ్ల గ్రామీణ బాలల్లో బడిలో నమోదు కానివారు 2018లో 2.8 శాతం కాగా, 2022లో 1.6 శాతం. 15–16 ఏళ్ల వయసులో కూడా ఆ సంఖ్య 13.1 నుంచి 7.5 శాతానికి తగ్గింది. ప్రభుత్వ బడుల వాటా 65.6 నుంచి 72.9 శాతానికి పెరిగి, 2024లో మళ్లీ 66.8 శాతానికి దిగింది. అమెరికాలో 1916లో జరిగింది ఇక్కడ అదే రూపంలో జరగలేదన్నమాట. పేరు రిజిస్టరులో ఉండటం విద్యాహక్కు చట్టం వచ్చాక సులువైంది. బడి అన్నం పెట్టే చోటు కూడా అన్న సంగతిని, మధ్యాహ్న భోజనం ఆగిపోవడంపై 2020 మార్చి 18న సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు పూనుకోవడం గుర్తుచేసింది. 1918లో న్యూయార్కు బడికి నర్సు ఎలాంటిదో మన బడికి భోజనం అలాంటిది. పిల్లల్ని తిరిగి రప్పించడంలో దాని పాత్ర ఎంతో విడిగా లెక్కతేల్చవలసి ఉంది.

నమోదు నిలిచింది గాని చదవడం దెబ్బతింది. రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగల మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. ఈ మూడు అంకెలను వరుసగా పేర్చి 'కోలుకున్నారు' అనడం తొందరపాటు. 2022లో మూడో తరగతిలో ఉన్నవారు 2020లో ఒకటో తరగతిలో చేరవలసినవారు. తరగతి గదిలో కూర్చోకుండానే మొదటి ఏడాది గడిపినవారు. 2024 నాటి మూడో తరగతి పిల్లలు బడులు తెరిచాక చేరిన వేరే పిల్లలు. కోలుకున్నది తరగతి సగటు. ఆ తొలి బృందం ఏమైందో తెలియాలంటే 2024లో ఐదో తరగతిని చూడాలి: అక్కడ 48.8 శాతం చదవగలిగారు. 2018లో ఐదో తరగతి అంకె 50.5 శాతం. చిన్న పిల్లలు పోగొట్టుకున్నదాన్ని చాలావరకు రాబట్టుకున్నారనే చెప్పాలి. వారికి బడిలో ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నాయి కనుక అది సాధ్యమైంది.

ఏళ్లు మిగలని వారి సంగతి వేరు. 2020 జూన్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ పదో తరగతి పరీక్షలు రద్దుచేసి అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించాయి. ఆ పరిస్థితుల్లో అది మానవీయమైన నిర్ణయం. కాని ఏ విద్యార్థి ఎక్కడ వెనుకబడ్డాడో చెప్పే ఆధారం కూడా దానితో పాటే పోయింది. 2023లో దేశంలోని 28 జిల్లాల్లో 14–18 ఏళ్ల వారిపై జరిగిన అసర్ సర్వేలో నలుగురిలో ఒకరు తమ ప్రాంతీయభాషలో రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. సర్వే చేసిన ఆ వయసు వారందరిలో 86.8 శాతం ఏదో ఒక విద్యాసంస్థలో నమోదై ఉన్నారు.

ఉపాధ్యాయుల లెక్క ఇంకా తెరవని అధ్యాయం. 14వ శతాబ్దంలో గురువులు చనిపోయారు. 2020–21లో ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు వేలాదిగా జీతాలు కోల్పోయి కూరగాయల బండ్లు, కూలిపనులు ఆశ్రయించారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. వారిలో ఎందరు తిరిగి బోధనలోకి వచ్చారు, రానివారి స్థానంలో ఎవరు చేరారు, ఏ పాఠ్యాంశాల్లో అనుభవజ్ఞులు తగ్గారు అన్నది ఒక్క జిల్లా పరిధిలోనైనా బడుల సిబ్బంది హాజరు రిజిస్టర్లతో తేల్చవచ్చు. విద్యార్థుల విషయంలో ప్రవేశ రిజిస్టరు, బదిలీ పత్రాల నకళ్లు, ఇంటర్ ప్రవేశాల జాబితా అనే మూడింటినీ పేరుపేరునా సరిపోల్చితే, 2020 మార్చిలో 14 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న ఒక్కొక్కరి దారి బయటపడుతుంది. ఆ రికార్డులు ఇంకా ప్రధానోపాధ్యాయుల బీరువాల్లోనే ఉన్నాయి. ఆ విద్యార్థుల్లో కొందరు ఇప్పుడు మన కళాశాలల్లోనే ఉన్నారు.